కొత్త ప్యాడ్లు వేశాక బ్రేక్ ఆలస్యంగా పట్టుకుంటోంది (స్ప్రింగ్‌తో పట్టే హైడ్రాలిక్ డిస్క్ బ్రేక్)

బెల్ట్‌ఫిట్టర్:
అందరికీ నమస్కారం. మాది పైనుంచి కిందికి సరుకు దించే కన్వేయర్. మోటారుకీ గేర్‌బాక్స్‌కీ మధ్య షాఫ్ట్ మీద డిస్క్, దానికి రెండు క్యాలిపర్లు (ప్యాడ్లతో డిస్క్‌ని రెండు వైపులా నొక్కి పట్టేవి). స్ప్రింగ్‌తో పట్టి, ఆయిల్ ప్రెషర్‌తో వదిలే రకం. వదలడానికి 90 బార్. నిండు లోడుతో స్టాప్ నొక్కితే ఇదివరకు 8 సెకన్లలో బెల్ట్ ఆగేది. మరమ్మతుల షట్‌డౌన్ అయినప్పటి నుంచి 12 దాకా పోతోంది. పొద్దున్నే మొదటిసారి ఆపితే ఇంకా ఎక్కువ.

షట్‌డౌన్‌లో ప్యాడ్లు నాలుగూ మార్చాం, తయారీదారు ఇచ్చినవే. ప్యాడ్‌కీ డిస్క్‌కీ మధ్య గ్యాప్ మాన్యువల్ ప్రకారమే పెట్టాం. ఆయిల్ మార్చాం, రెండు హోసులు మార్చాం. ఇప్పుడు ప్యాడ్లు మళ్లీ విప్పి చూడమంటున్నారు. విప్పే ముందు ఇంకేమైనా చూడాలా?

గ్రీజుగన్:
కొత్త ప్యాడ్లకి పైన మెరుపు పట్టి ఉంటుంది. విప్పి ఎమరీ పేపర్‌తో రుద్దండి, డిస్క్‌ని పెట్రోలుతో తుడిచేయండి. అరగంట పని.

పాతఫోర్‌మన్:
అరగంట పని అనుకున్న చోటే వేళ్లు పోతాయి. తమ్ముడూ బెల్ట్‌ఫిట్టర్, జబ్బేమిటో తర్వాత చూద్దాం. క్యాలిపర్ మీద చెయ్యి వేసే ముందు ఆ బెల్టుని దేంతో పట్టి ఉంచుతున్నారో చెప్పు.

బెల్ట్‌ఫిట్టర్:
సార్, పవర్ ఆఫ్ చేసి లాక్, ట్యాగ్ వేస్తాం. గేజ్ జీరో చూస్తాం. ప్రెషర్ లేకపోతే బ్రేక్ పట్టే ఉంటుంది కాబట్టి బెల్ట్ కదలదు.

పాతఫోర్‌మన్:
నువ్వు విప్పబోయేది ఆ పట్టుకున్నదాన్నే కదా! దిగుడు బెల్ట్ మీద సరుకు ఉండగా క్యాలిపర్ వదులైతే బెల్ట్ తన దారిన తను పోతుంది. ‘రెండున్నాయి, ఒక్కోటీ విప్పుదాం’ అనే వాళ్లని చాలామందిని చూశాను. మిగిలిన ఒక్కటి మొత్తం లోడుని ఆపగలదని లెక్క కట్టి చెప్పినవాడు మాత్రం కనిపించలేదు. బెల్ట్ ఖాళీ చేయండి. ఖాళీ చేశాక కూడా క్లాంపులు వేసి స్ట్రక్చర్‌కి కట్టేయండి. టేకప్ (బెల్ట్‌ని బిగువుగా ఉంచే భాగం) దగ్గర కౌంటర్‌వెయిట్ ఉంటే దానికీ ఆసరా పెట్టండి. క్రేన్ అయితే లోడు నేల మీద ఉండాలి, వించ్ అయితే తాడు మీద బరువు ఉండకూడదు. యంత్రం ఏదైనా సూత్రం ఒక్కటే.

ఇంకో సంగతి. ఈ రకం బ్రేక్‌లో గేజ్ జీరో చూపిస్తోందంటే అంతా చల్లబడిందని కాదు. సరిగ్గా అప్పుడే లోపలి స్ప్రింగులు బలంకొద్దీ ప్యాడ్లని నొక్కుతూ ఉంటాయి. ఆ స్థితిలో క్యాలిపర్ మూత బోల్టులు విప్పితే మూత మొహం మీదికే వస్తుంది. కారు బ్రేకుల అలవాటుతో వచ్చిన కుర్రాళ్లకి ఇది ఓ పట్టాన బుర్రకెక్కదు. అక్కడ ప్రెషర్ లేకపోతే బ్రేక్ లేదు, ఇక్కడంతా తలకిందులు.

సేఫ్టీడెస్క్:
ఫోర్‌మన్ గారు చెప్పినదానికి కొనసాగింపు. చాలా క్యాలిపర్లకి సర్వీస్ బోల్టు అని ఒకటి ఇస్తారు. ముందు పంపు ప్రెషర్‌తో బ్రేక్ వదిలించాలి. ఆ బోల్టు బిగించి స్ప్రింగులని నొక్కిన స్థితిలోనే కట్టేయాలి. ఆ తర్వాత ప్రెషర్ దింపేసి, పవర్‌కి లాక్ వేసుకుని, అప్పుడు ప్యాడ్ల జోలికి వెళ్లాలి. ఒక్క ఆయిల్ ప్రెషర్ మీదే తెరుచుకుని ఉన్న క్యాలిపర్‌లోకి ఎవరూ వేలు పెట్టకూడదు. కరెంటు పోయినా, వాల్వ్ కాయిల్ కాలినా, హోస్ పగిలినా చెయ్యి లాక్కునేంత టైమ్ ఇవ్వదు.

ఇందులో రెండో ప్రమాదం పని అయిపోయాక వస్తుంది. సర్వీస్ బోల్టు తియ్యడం మర్చిపోతే ఆ బ్రేక్ అసలు పట్టదు. బయటినుంచి చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. అందుకే బోల్టులకి ఎర్ర ట్యాగు కట్టి, పర్మిట్ (పని అనుమతి పత్రం) మూసే ముందు అవి లెక్కకి వచ్చాయో లేదో చూడాలి.

మీ పవర్‌ప్యాక్‌లో (పంపు, ట్యాంకు ఉన్న యూనిట్) అక్యుమ్యులేటర్, అంటే ఆయిల్‌ని ప్రెషర్ మీద నిల్వ ఉంచే సీసా, ఉందా? ఉంటే పంపు ఆపినా అందులో ఆయిల్ ప్రెషర్ మీదే ఉంటుంది. డ్రెయిన్ వాల్వ్ తెరిచి ట్యాంకులోకి దింపాలి. గేజ్ ముల్లు ఇరుక్కుపోయి కూడా జీరో చూపించవచ్చు, అందుకని ఇంకో పాయింట్ దగ్గర కూడా సరిచూసుకోవాలి. ఆయిల్ పూర్తిగా పోయినా లోపలి రబ్బరు సంచిలో (బ్లాడర్) నైట్రోజన్ ప్రెషర్ ఉంటుంది, కాబట్టి అక్యుమ్యులేటర్‌నే విప్పాలంటే గ్యాస్ కూడా దింపాకే. నింపేది ఎప్పుడూ నైట్రోజనే. ఆక్సిజన్ సిలిండర్ పక్కనే ఉంది కదా అని తగిలిస్తే ఆయిల్‌తో కలిసి పేలుతుంది.

బెల్ట్‌ఫిట్టర్:
అక్యుమ్యులేటర్ లేదు సార్. సర్వీస్ బోల్టులు ఉన్నాయి, వాడతాం. బెల్ట్ క్లాంపుల సంగతి ఇప్పుడే ఇన్‌ఛార్జ్‌తో మాట్లాడాను. అవి లేకుండా విప్పేది లేదని ఒప్పుకున్నారు.

గ్రీజుగన్:
నేను చెప్పింది క్లీనింగ్ గురించి. దానికి ఇంత హడావుడి ఎందుకు? పెట్రోలుతో తుడవడం ఎన్నేళ్లుగానో నడుస్తోంది.

లైనింగ్‌లెక్క:
గ్రీజుగన్ అన్నా, పెట్రోలు ఎందుకొద్దంటే ఒకటి, నిప్పు. డిస్క్ ఇంకా వేడిగా ఉన్నప్పుడు పెట్రోలు గుడ్డ పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. రెండోది, ఆరిపోయాక కూడా అది ఎంతో కొంత పొర వదులుతుంది. డిస్క్‌కి మరక మిగల్చని బ్రేక్ క్లీనర్, శుభ్రమైన గుడ్డ చాలు. అందులోనూ క్లోరిన్ ఉన్న క్లీనర్లతో జాగ్రత్త. అది తడిగా ఉండగా దగ్గర్లో వెల్డింగ్ చేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. షట్‌డౌన్‌లో పక్కపక్కనే పది పనులు జరుగుతుంటాయి కాబట్టి చెబుతున్నాను.

ఇక లైనింగ్‌కి (ప్యాడ్ మీది రాపిడి పొర) ఆయిల్ పడితే దాన్ని ఎమరీతో రుద్దినా, క్లీనర్‌లో ముంచినా లాభం లేదు. పైన పొడిగా కనిపిస్తుంది, నాలుగు సార్లు వేడెక్కేసరికి లోపల ఇంకిన ఆయిల్ మళ్లీ పైకి వస్తుంది. ఒక ప్యాడ్ తడిసినా ఆ క్యాలిపర్‌లో రెండూ మార్చాల్సిందే. ఆయిల్ ఎక్కడినుంచి కారిందో పట్టుకోకుండా మార్చితే కొత్తవీ తడుస్తాయి. సాధారణంగా గేర్‌బాక్స్ షాఫ్ట్ సీలో, క్యాలిపర్ పిస్టన్ సీలో అయి ఉంటుంది.

దుమ్మునైతే ఎయిర్ లైన్ పెట్టి ఊదొద్దు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. ఎప్పటి యంత్రమో, ఎవరు ఏం వేశారో మనకి తెలియదు. తడి గుడ్డతో తుడవాలి, లేకపోతే హెపా ఫిల్టర్ ఉన్న వ్యాక్యూమ్ వాడాలి. మాస్క్ ఎలాగూ ఉండాలి.

బెల్ట్‌ఫిట్టర్ గారూ, ప్యాడ్ మొహం మీద రాపిడి గుర్తు ఎలా ఉందో చూడగలరా? మొత్తం అరిగిందా, ఒక పక్కే అరిగిందా? డిస్క్ వంపు డయల్ గేజ్ పెట్టి చూశారా?

బెల్ట్‌ఫిట్టర్:
ఈరోజు బెల్ట్ ఖాళీ చేసి, క్లాంపులు వేసి, సర్వీస్ బోల్టులు బిగించి చూశాం. డిస్క్ మీద ఆయిల్ లేదు, పగుళ్లు లేవు. వంపు మాన్యువల్ పరిమితిలోనే ఉంది. మందం నాలుగు చోట్ల కొలిచాం, సరిపోయింది. గ్యాప్ రెండు వైపులా 1 మిల్లీమీటరు. ప్యాడ్ల మీద మాత్రం బయటి సగమే మెరుస్తోంది, లోపలి సగం కొత్తగానే ఉంది.

ప్రెషర్లు: వదిలినప్పుడు 90 వస్తోంది. పంపు ఆపితే జీరో. బ్రేక్ పట్టి ఉండి పంపు ఐడిల్‌గా తిరుగుతున్నప్పుడు పంపు గేజ్ 14 చూపిస్తోంది. ఐడిల్‌లో కొంచెం ఉండటం మామూలేనట.

లైనింగ్‌లెక్క:
సగమే మెరుస్తోందంటే ప్యాడ్లు ఇంకా డిస్క్‌కి ఒదగలేదు. బెడ్డింగ్ (కొత్త ప్యాడ్‌ని డిస్క్‌కి ఒదిగేలా అరగదీయడం) చేయకుండానే నిండు లోడుకి వదిలేశారన్నమాట. కొత్త ప్యాడ్ పూర్తి టార్క్ (షాఫ్ట్‌ని ఆపే మెలిబలం) ఇవ్వాలంటే మొహంలో ఎక్కువ భాగం డిస్క్‌కి తగలాలి. చాలా మాన్యువల్స్‌లో 80 శాతం వరకు అడుగుతారు. ఖాళీ బెల్ట్‌తో, తక్కువ వేగంలో, కొద్ది కొద్దిగా బ్రేక్ పట్టిస్తూ, మధ్యలో డిస్క్‌ని చల్లబరుస్తూ చేయాలి. తొందరపడి వేడెక్కిస్తే లైనింగ్ పైపొర గట్టిపడిపోతుంది, అప్పుడు గ్రీజుగన్ అన్న చెప్పిన మెరుపు నిజంగానే వస్తుంది.

కానీ 8 కాస్తా 12 కావడానికి ఇదొక్కటే కారణమంటే నాకు నమ్మకం కుదరడం లేదు. ఇదే అయితే రోజులు గడిచేకొద్దీ కొంత బాగుపడాలి.

రిటర్న్‌లైన్:
ఆ 14 మామూలు అని ఎవరన్నారు? షట్‌డౌన్‌కి ముందు ఎంత ఉండేదో లాగ్‌బుక్‌లో చూడండి. వాల్వ్ బ్లాక్ ఎక్కడుంది, పవర్‌ప్యాక్ మీదా, బ్రేక్ దగ్గరా? మార్చిన రెండు హోసులు ఏవి?

బెల్ట్‌ఫిట్టర్:
లాగ్‌లో ముందు 3, 4 అని ఉంది సార్. వాల్వ్ బ్లాక్ బ్రేక్ పక్కనే ఉంది. పవర్‌ప్యాక్ కొంచెం దూరంలో, వేరే గదిలో. అక్కడినుంచి ప్రెషర్ హోసు ఒకటి, ట్యాంకుకి రిటర్న్ హోసు ఒకటి. ఆ రెండే మార్చాం. మళ్లీ విప్పడం తేలికని రిటర్న్‌కి క్విక్ కప్లింగ్ పెట్టారు.

రిటర్న్‌లైన్:
దొరికిందనుకుంటా. సోలెనాయిడ్‌కి (వాల్వ్‌ని కదిపే కాయిల్) కరెంటు తియ్యగానే రెండు పనులు జరగాలి. క్యాలిపర్లలో ఉన్న ఆయిల్ ట్యాంకుకి పోవాలి, తిరుగుతూనే ఉన్న పంపు ఆయిల్ కూడా అదే రిటర్న్ హోసులోంచి ట్యాంకుకి పోవాలి. దారిలో ఆ క్విక్ కప్లింగ్ ఉంది. దాని రెండు ముక్కల్లోనూ చెక్ వాల్వులు ఉంటాయి, పూర్తిగా లోపలికి దిగకపోతే సగమే తెరుచుకుంటాయి. పూర్తిగా దిగినా సాదా హోసు కంటే దారి ఇరుకే. పంపు ఆయిల్ అక్కడ ఇరుక్కుని, దాని వెనక ప్రెషర్ పేరుకుంటుంది. ఆ ప్రెషర్ వాల్వ్ బ్లాక్ ద్వారా నేరుగా క్యాలిపర్లకి తగులుతుంది. పంపు ఆపి చూస్తే ప్రవాహం లేదు కాబట్టి జీరో. అందుకే మీ చెకింగ్‌లో దొరకలేదు.

బ్రేక్ పట్టి ఉన్నప్పుడు క్యాలిపర్ దగ్గర ప్రెషర్ ఎంతో కొలవండి. గేజ్ క్యాలిపర్ టెస్ట్ పాయింట్‌కే పెట్టాలి, పంపు నడుస్తూ ఉండాలి.

గ్రీజుగన్:
90 బార్ సిస్టమ్‌లో పదో పన్నెండో మిగిలితే ఏం కొంప మునుగుతుంది?

రిటర్న్‌లైన్:
మంచి ప్రశ్నే, లెక్క వేద్దాం. 90 అనేది ప్యాడ్ పూర్తిగా వెనక్కి పోవడానికి. ప్యాడ్ డిస్క్‌ని వదలడం అంతకంటే ముందే మొదలవుతుంది. అది 70 బార్ దగ్గర అనుకుందాం. అంటే ప్యాడ్ తగిలి ఉన్నప్పుడు స్ప్రింగుల బలం 70 బార్‌కి సమానం. అందులో 12 బార్ ఎదురు తోస్తే మిగిలేది 58. అంటే 83 శాతం. పదిహేడు శాతమే కదా పోయింది అనిపిస్తుంది.

ఇది దిగుడు బెల్ట్. బ్రేక్ టార్క్ 100 అయితే, కిందికి లాగే లోడు టార్క్ అందులో సగం, 50 అనుకోండి. బెల్ట్ వేగం తగ్గించడానికి మిగిలేది 50. ఇప్పుడు బ్రేక్ 83కి పడింది, లోడు 50 అలాగే ఉంది. మిగిలింది 33. ఆగే సమయం ఒకటిన్నర రెట్లు అవుతుంది. 8 సెకన్లు కాస్తా 12. మీ యంత్రంలో అసలు అంకెలు వేరుగా ఉండొచ్చు, లెక్క పోయే తీరు ఇదే. లోడు ఇంకా పెరిగితే, లేదా ప్యాడ్లు కొంచెం తడిస్తే, ఆ మిగులు సున్నాకి దగ్గరవుతుంది. అప్పుడు బెల్ట్ ఆగదు.

గ్రీజుగన్:
సరే అన్నా, ఒప్పుకున్నా.

సేఫ్టీడెస్క్:
గేజ్ పెట్టేటప్పుడు ఒక మాట. పంపు నడుస్తూ ఉండగా ఎక్కడైనా సన్నగా చిమ్ముతున్నట్టు అనుమానం వస్తే చేత్తో తడిమి చూడొద్దు, గ్లవుజు ఉన్నా సరే. సూదిబెజ్జం లాంటి లీకు నుంచి వచ్చే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. దానికి 90 బార్ అక్కర్లేదు, 7 బార్ చాలంటారు. పొడవాటి అట్టముక్క అడ్డం పెట్టి వెతకాలి. ఒకవేళ ఎవరికైనా గుచ్చుకుంటే పైన చిన్న చుక్కలా కనిపిస్తుంది, మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండదు. షిఫ్టు అయ్యాక చూద్దాం అనుకుంటే చెయ్యే పోవచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి, ప్రెషర్‌లో ఉన్న హైడ్రాలిక్ ఆయిల్ లోపలికి పోయిందని డాక్టరుకి గట్టిగా చెప్పాలి. దానికి ఆపరేషన్ అవసరమవుతుంది. ఏ ఆయిలో కూడా రాసి ఇవ్వండి.

బెల్ట్‌ఫిట్టర్:
కొలిచాం. పంపు నడుస్తూ, బ్రేక్ పట్టి ఉండగా క్యాలిపర్ దగ్గర సరిగ్గా 12! పంపు ఆపితే జీరో. రిటర్న్ కప్లింగ్ చూస్తే స్లీవ్ పూర్తిగా ముందుకి రాలేదు, లాక్ బంతులు సగమే పడ్డాయి. దాని మీద రంగు పూసేశారు కూడా, అందుకే ఎవరికీ కనిపించలేదు.

ఇంకోటి కూడా బయటపడింది. పాత ఆయిల్ చిక్కదనం గ్రేడు వీజీ 32. స్టోర్‌లో లేదని ఈసారి వీజీ 68 పోశారు.

రిటర్న్‌లైన్:
పొద్దున ఎక్కువ టైమ్ తీసుకోవడానికి కారణం అదే. 40 డిగ్రీల దగ్గరే ఆ రెండింటి చిక్కదనానికి రెట్టింపు కంటే ఎక్కువ తేడా, చలిలో ఇంకా పెరుగుతుంది. చిక్కటి ఆయిల్ ఇరుకు దారిలో ఇంకా నెమ్మదిగా కదులుతుంది. మాన్యువల్‌లో ఉన్న గ్రేడే పోయండి. కప్లింగ్ తీసేసి, పాత సైజు హోసు నేరుగా బిగించండి. బ్రేక్ రిటర్న్‌లో క్విక్ కప్లింగ్ ఉండకూడదని నా గట్టి అభిప్రాయం. షట్ఆఫ్ వాల్వ్ కూడా వద్దు. ఎవరో ఒకరు ఏదో ఒక రోజు మూసేస్తారు.

వించ్‌ఆపరేటర్:
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మా చిన్న వించ్‌కి పెడల్ బ్రేక్, అందులో డాట్ 4 బ్రేక్ ఫ్లూయిడ్. తగ్గితే ఈ హైడ్రాలిక్ ఆయిల్ పోయొచ్చా?

లైనింగ్‌లెక్క:
వద్దే వద్దు. డాట్ 4 గ్లైకాల్ రకం, దానికి వాడే సీళ్లు ఈపీడీఎం రబ్బరు. మినరల్ ఆయిల్ తగిలితే అవి ఉబ్బిపోయి పిస్టన్ బిగుసుకుంటుంది. బెల్ట్‌ఫిట్టర్ గారి లాంటి బ్రేకుల్లో సాధారణంగా నైట్రైల్ సీళ్లు ఉంటాయి, అక్కడ బ్రేక్ ఫ్లూయిడ్ పోయకూడదు. పొరపాటున కలిస్తే ఆయిల్ మారిస్తే చాలదు, సిస్టమ్ కడిగి సీళ్లన్నీ మార్చాలి. ఇంకోటి, డాట్ 4 గాలిలో తేమని పీల్చుకుంటుంది. కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ కనీసం 155కి పడిపోతుంది. మూత తీసి ఉంచిన డబ్బా వాడొద్దు.

బెల్ట్‌ఫిట్టర్:
హోసు మార్చాక గాలి తీయాలి కదా. మా దగ్గర ఇద్దరు రెండు రకాలుగా చెబుతున్నారు.

పాతఫోర్‌మన్:
బెల్ట్ క్లాంపులు అలాగే ఉంచండి, ఎందుకంటే గాలి తీసేటప్పుడు బ్రేక్ వదులుతుంది. క్యాలిపర్‌లో అన్నిటికంటే ఎత్తున్న బ్లీడ్ స్క్రూకి పారదర్శకమైన ట్యూబు తగిలించి, దాని రెండో కొస డబ్బాలోని ఆయిల్‌లో ముంచు. ప్రెషర్ తక్కువలో పెట్టి, స్క్రూ పావు తిప్పు తిప్పి, బుడగలు ఆగేదాకా పోనివ్వు. 90 బార్ ఉండగా స్క్రూ తిప్పకు. స్క్రూ మూశాకే ప్రెషర్ దింపు, లేకపోతే గాలి వెనక్కి పీలుస్తుంది. మధ్యలో ట్యాంకు లెవెల్ చూస్తూ ఉండండి. అందులో ఆయిల్ పడిపోతే మళ్లీ మొదటికి వస్తారు. గాలి మిగిలితే బ్రేక్ వదలడం నెమ్మదిస్తుంది, ప్యాడ్ రాసుకుంటూ డిస్క్ వేడెక్కుతుంది.

ప్రెషర్‌ని నెమ్మదిగా పెంచుతూ ప్యాడ్ ఎన్ని బార్ దగ్గర డిస్క్‌ని వదిలిందో కూడా రాసుకోండి. గ్యాప్ ప్రతిసారీ అంతే ఉన్నా ఆ అంకె ఏడాదికేడాది తగ్గుతోందంటే స్ప్రింగులు అలిసిపోతున్నాయనో, ఒకటి విరిగిందనో అర్థం. స్ప్రింగులు మార్చితే సెట్టు మొత్తం మార్చాలి, అదీ తయారీదారు ఇచ్చిన ఫిక్స్‌చర్ ఉంటేనే.

బెల్ట్‌ఫిట్టర్:
అప్‌డేట్. కప్లింగ్ తీసేశాం, వీజీ 32 పోశాం, గాలి తీశాం. ఐడిల్‌లో పంపు గేజ్ 3, క్యాలిపర్ దగ్గర ముల్లు కదలడం లేదు. ప్యాడ్ 71 బార్ దగ్గర వదులుతోంది. ఖాళీ బెల్ట్‌తో బెడ్డింగ్ చేశాక మొహం చాలావరకు ఒకేలా మెరుస్తోంది. అరుగుదలకి తగ్గట్టు గ్యాప్ మళ్లీ సరిచేశాం. ముందు సగం లోడు, తర్వాత నిండు లోడు పెట్టి ఆపితే 8 సెకన్ల దగ్గరే ఆగింది. పొద్దున మొదటిసారి ఆపినప్పుడూ తేడా లేదు. అందరికీ థ్యాంక్స్.

సేఫ్టీడెస్క్:
సంతోషం. సర్వీస్ బోల్టులు నాలుగూ వచ్చాయా?

బెల్ట్‌ఫిట్టర్:
వచ్చాయి సార్, క్లాంపులు విప్పే ముందే లెక్క చూశాం. పర్మిట్ మీదే రాసి పెట్టాం.

రిటర్న్‌లైన్:
వీలైతే క్యాలిపర్ లైన్‌లో ఒక ప్రెషర్ స్విచ్ పెట్టించండి. బ్రేక్ పట్టమన్న తర్వాత రెండు సెకన్లకి కూడా 5 బార్ కంటే ఎక్కువ ఉంటే కంట్రోల్ రూమ్‌లో అలారం రావాలి. ఆ 5 ఎంతుండాలో మీ బ్రేక్ మాన్యువల్‌లో చూసుకుని పెట్టండి.

బెల్ట్‌ఫిట్టర్:
ఎలక్ట్రికల్ వాళ్లకి చెప్పాను. పీఎల్‌సీలో (యంత్రాన్ని నడిపే కంట్రోల్ కంప్యూటర్) ఒక ఇన్‌పుట్ ఖాళీగా ఉందట, వచ్చే షట్‌డౌన్‌లో పెడతామన్నారు. అప్పటిదాకా షిఫ్టుకోసారి ఐడిల్ ప్రెషర్ రాస్తున్నాం, 5 దాటితే నాకు ఫోన్ చేయాలి.